తల తిరిగితే తల దించు

మేం పనిచేసే హాలు గోడ మీద ఎర్ర రంగుతో, ఆ చివర నిలబడినవాడికి కూడా కనబడేంత లావు అక్షరాలతో ఒక మాట రాసి ఉండేది. తల తిరిగితే తల దించు. రాయించింది మా ఆయనే. పరిశోధనాలయంలో భద్రత చూసే ఉద్యోగం ఆయనది. కొత్తగా ఎవరు చేరినా సరే, పేరు వెనక పది డిగ్రీలున్నవాళ్లయినా సరే, మొదటి రోజు ఆయన ముందు నేల మీద కూర్చుని, తల మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఆ తర్వాత తలుపు దాకా పాక్కుంటూ వెళ్లి చూపించాల్సిందే. పెళ్లాన్ని కదా అని నన్నేమైనా వదిలాడా? కొత్త బట్టలు మోకాళ్ల దగ్గర చిరిగేదాకా పాకించాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అంత పట్టుదలకీ కారణం లేకపోలేదు. మేం చేసే పని, సూర్యుడి కడుపులో మండే మంటను తెచ్చి, చేతి గాజులా గుండ్రంగా వంచిన ఉక్కు గొట్టంలో బంధించడం. దాన్ని మేం కొలిమి అంటాం. ఆ మంటను గోడలకు తగలకుండా పట్టి ఉంచేవి పెద్ద పెద్ద అయస్కాంతాలు. వాటిని చల్లబరచడానికి ద్రవ హీలియం కావాలి. అది ఎక్కడైనా కారిందంటే క్షణంలో ఆవిరై, ఉబ్బి, హాలు కప్పు కింద చేరి, మనం పీల్చే గాలిని కిందికి తోసేస్తుంది. అప్పుడు నిలబడినవాడికి ఊపిరి దొరకదు, నేలకు అంటుకున్నవాడు బతుకుతాడు. అందుకే ఊపిరి గాలి తగ్గితే మోగే సెన్సర్లన్నీ కప్పుకే బిగించారు, ఫ్యాన్లూ కప్పులోనే పెట్టారు. అన్నేళ్లుగా మా భయమంతా పైన వేలాడుతూ ఉండేది.

ఆ తర్వాత కిరణం వచ్చింది. కొలిమిలో మంట ఇంకా రాజుకోవాలంటే, పక్కనుంచి కణాల ధారను దానిలోకి గురిచూసి కొట్టాలి. ఆ ధారను నడిపేది నేను. కంట్రోల్ రూములో మధ్య కుర్చీ నాది. కణాలు అంత వేగంగా దూకాలంటే లక్షల వోల్టులు కావాలి. అంత కరెంటు మోసే తీగ నిప్పులు కక్కకుండా ఉండడానికి, దాన్ని లావుపాటి గొట్టంలో పెట్టి చుట్టూ ఒక గాలి నింపారు. మామూలు గాలికంటే అయిదింతలు బరువు. విషం కాదు. రంగు లేదు, వాసన లేదు. మహా మర్యాద గల గాలి. ఊపిరికి పనికొచ్చేది మాత్రం అందులో ఏమీ ఉండదు. ఆ గొట్టం కిరణం కింద తవ్విన ఒక గుంటలోంచి పోతుంది. గుంట మనిషి నిలువుకంటే లోతు, దిగడానికి ఇనుప నిచ్చెన.

ఈ బరువు గాలి సంగతి మాలో తెలియనివాడు లేడు. తెలియకుండా మా మరిది ఉండనిస్తేగా!

మా ఆయనకు ఒక్కడే తమ్ముడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడింకా బడికి పోతున్నాడు. నా చేతి అన్నం తిని పెరిగాడు, అన్నయ్య వెంటే చదువుకుని అన్నయ్య వెంటే ఇక్కడ మెకానిక్కుగా చేరాడు. పరిశోధనాలయంలో అందరూ వాణ్ని ‘తమాషా’ అనే పిలిచేవాళ్లు. జీతం పట్టీలో తప్ప అసలు పేరు ఎక్కడా వినబడేది కాదు. ఎవరిదైనా పుట్టినరోజు అయినా, ఎవరైనా రిటైరవుతున్నా, వీడు ఒక బుడగలో ఆ బరువు గాలి నింపుకుని వచ్చేవాడు. ఒక్క గుక్క పీల్చి నోరు తెరిచాడంటే, సన్నపాటి గొంతు కాస్తా బావిలోంచి రాక్షసుడు పిలిచినట్టు వచ్చేది. దానికి మేం పెట్టుకున్న పేరు బొంగురు. “వదినా, ఆకలేస్తోందీ...” అని బొంగురుతో అనేసరికి హాలు హాలంతా పడీపడీ నవ్వేది. నాలుగు మాటలు కాగానే గొంతు మళ్లీ మామూలైపోయేది. వాడు కూడా పగలబడి నవ్వేవాడు. నవ్వకుండా వాడు తమాషా చేసింది నేనెప్పుడూ చూడలేదు.

“నవ్వు నాలుగు విధాల చేటురా, ఎందుకొచ్చిన వేషాలు?” అని నేను తిట్టేదాన్ని. “తల కిందికి వంచు, లోపల మిగిలింది పారబొయ్యి” అని వీపు మీద ఒకటి వేసేదాన్ని. వాడు నడుం వంచి, నీళ్ల కుండ వంపినట్టు తనని తాను వంపుకునేవాడు. తోటికోడలు కూడా ఆ బొంగురు వినే నవ్వి, ఆ నవ్వులోనే పెళ్లికి ఒప్పుకుందని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాం.

అంటే ఏమిటన్నమాట? ఈ గాలి కిందికి జారుతుందని, పీలిస్తే గొంతు మారుతుందని, దాంతో ఊపిరి ఆడదని మాకందరికీ తెలుసు. పసిపిల్లల్ని నవ్వించడానికి వాడేంత బాగా తెలుసు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు ఎండాకాలం నుంచి గొట్టంలో పీడనం తగ్గడం మొదలైంది. పొద్దున్నే వచ్చి మీటరు చూస్తే ముల్లు కాస్త కిందికి దిగి ఉండేది. సిలిండరు తిప్పి మళ్లీ నింపేవాళ్లం. సైకిలు ట్యూబుకి గాలి కొట్టినంత మామూలైపోయింది. ఒకరోజు ఉండబట్టలేక మా డైరెక్టరు గారిని అడిగాను.

“రోజూ నింపుతున్నాం, రోజూ తగ్గుతోంది. పోయిందంతా ఎక్కడికి పోతోందండీ?”

“గాలి కదమ్మా, గాల్లో కలుస్తుంది. పైన అంతేసి ఫ్యాన్లు తిరుగుతున్నాయిగా” అన్నాడాయన నిమ్మకు నీరెత్తినట్టు. పెద్ద శాస్త్రవేత్త. గాలి బరువుల మీద పాఠం చెప్పమంటే పూట పూటంతా చెప్పగలడు. ఇంక నేనేం మాట్లాడను?

హాల్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. ఎవరూ తేలేదు, ఎవరూ తరమలేదు. మిషన్ల వేడి ఎక్కువైనప్పుడు చల్లగా ఉంటుందని గుంటలోకి దిగి పడుకునేది. వానలు మొదలైన రోజుల్లో అది కనబడకుండా పోయింది. మరిది టార్చి వేసి చూస్తే గుంట అడుగున ముడుచుకుని పడుకుని ఉంది. పిలిస్తే లేవలేదు. దాని చుట్టూ దీపప్పురుగులు, రెక్కలు విప్పినవి విప్పినట్టే, చాప మీద ఆరబోసినట్టు రాలి ఉన్నాయి.

“ఎలకల మందు తిన్న ఎలకని తిని ఉంటుంది” అన్నాడు మరిదితో జోడీగా పనిచేసే వెల్డరు.

మరిది గుంటలోకి దిగి దాన్ని అట్టపెట్టెలో పైకి తెచ్చాడు. “చూడు వదినా, కల కంటున్నట్టు లేదూ మొహం?” అన్నాడు. మందు తిన్న పిల్లి అంత ప్రశాంతంగా చస్తుందా? నోట్లో నురగ లేదు, గోళ్లు బయటికి రాలేదు. మరిది నుదురు రుద్దుకుంటూ “వంగి లేచేసరికి తల పట్టేసింది, టీ ఏమైనా ఉందా?” అని అడిగాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన ముందు కూర్చుని అడిగేశాను.

“ఏమండీ, సెన్సర్లన్నీ పైన కట్టారు. ఆ బరువు గాలి కారితే కిందికే కదా పోయేది? కింద ఏది?”

తింటున్న చెయ్యి ఆగిపోయింది. ఆయనేమీ మొద్దబ్బాయి కాదు. “నేనూ అదే రాశాను. గుంటలో ఒకటి పెట్టమన్నాను. ఆర్డరు పెట్టారట, వస్తుంది.”

“వచ్చేదాకా?”

“వచ్చేదాకా ఒంటరిగా ఎవర్నీ దిగనివ్వను. ఒకడు కింద ఉంటే ఒకడు పైన ఉండాల్సిందే. రేపే నిచ్చెన దగ్గర బోర్డు కట్టిస్తా.”

కట్టించాడు కూడా. ఆ మనిషిలో అశ్రద్ధ అన్నది లేదు. ఆ మాట ఎవరడిగినా, ఎక్కడడిగినా చెబుతాను.

ఇది జరిగిన కొన్నాళ్లకే పైనుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. కొలిమి ఉండాలో మూతపడాలో తేల్చేవాళ్లు వాళ్లే. మధ్యాహ్నం వాళ్ల కళ్లముందు కిరణం కొట్టి చూపించాలని డైరెక్టరు పట్టుబట్టాడు. తీరా ఆ రోజు పొద్దున చూస్తే మీటరు ముల్లు ఎన్నడూ లేనంత కిందికి దిగిపోయి ఉంది. ఇలాంటి రోజు కోసమే అది కాచుకుని కూర్చున్నట్టుంది.

“గుంటలో ఉన్న జాయింటే కారుతోంది. గొట్టం ఖాళీ చేసి రబ్బరు రింగు మార్చి బిగించండి, అంతే” అన్నాడు డైరెక్టరు.

గొట్టంలో ఉన్న గాలినంతా పంపుతో వెనక్కి ట్యాంకులోకి లాగేశాం. గొట్టం ఖాళీ. ఇక భయమేముంది అనుకున్నాం అందరం. అన్నాళ్లుగా గొట్టంలోంచి పోయిందంతా ఎక్కడుందో ఎవరికీ తట్టలేదు. ఎక్కడికీ పోలేదు. గుంటలోనే ఉంది, కదలకుండా, కుండలో నీళ్లలా.

మరిది దిగాడు. వెల్డరు పైన నిలబడ్డాడు. స్టోర్సు వాళ్లిచ్చిన రింగు తీసి చూస్తే అంచు చిరిగి ఉంది. ఇంకోటి తేవాలి.

“నేను తెస్తా, నువ్వు పైకొచ్చి కూర్చో” అన్నాడట వెల్డరు.

“నువ్వెళ్లి రావయ్యా. ఈలోపు బోల్టులు ఊడదీస్తా. నేనేమైనా పారిపోతానా?” అన్నాడట మా వాడు.

వెల్డరు వెళ్లాడు. ఇప్పటికీ ఆ మాట చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతాడు పాపం. నేను వాణ్ని ఏమీ అనలేదు.

ఆ సమయానికి కంట్రోల్ రూములో ఇసకేస్తే రాలనంత జనం. నా కుర్చీ వెనకే వచ్చిన పెద్దలు నిలబడ్డారు. డైరెక్టరు ఒక్కొక్క తెర చూపించి వివరిస్తున్నాడు. మా ఆయన ఇంకొందరికి హెల్మెట్లు పెట్టించి తీసుకురావడానికి కిందికి వెళ్లాడు. గుంట లోపల మాకు కనబడదు. అక్కడి కెమెరాలో నిచ్చెన పై మెట్లు మాత్రమే కనిపిస్తాయి. మాట మాత్రం అటూ ఇటూ వినబడుతుంది, గుంటలో గోడకు మైకూ స్పీకరూ ఉన్నాయి.

స్పీకరు గరగరమంది.

“వదినా, మూడు బోల్టులొచ్చాయి. నాలుగోది బిగుసుకుపోయింది.”

బొంగురు!

గది గదంతా ఘొల్లుమంది. ఏం లాభం, నేనూ నవ్వాను. బటను నొక్కి “ఒరేయ్, ఇవాళ కూడానా? పెద్దలున్నారిక్కడ, నీ వేషాలు కట్టిపెట్టు” అన్నాను.

డైరెక్టరు మొహం చాటంతైంది. “మా తమాషా అండీ వాడు! మా దగ్గర వాడే గాలి చాలా బరువైనది. అది గొంతులో ఉంటే శబ్దం వేగం తగ్గుతుంది, అందుకే ఆ గొంతు...” అని మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు తలలూపుతున్నారు. ఎంత చక్కగా చెప్పాడో! ఒక్క ముక్క తప్పు లేదు.

మళ్లీ స్పీకరు.

“వేషమేంటి వదినా? రెంచి జారిపోతోంది. నాలుగోది... ఎంత తిప్పినా... రావట్లేదు.”

అదే బొంగురు. ఈసారి కూడా జనం నవ్వారు. కానీ నా చెవి ఇంకోదాని కోసం ఎదురుచూస్తోంది. వాడి నవ్వు కోసం. అది రాలేదు.

నాలుగు మాటలకే పోవాల్సిన బొంగురు పోవడం లేదు. బుడగ లేదు, సిలిండరు లేదు, గొట్టం ఖాళీ. మరి వీడు పీలుస్తున్నది ఎక్కడిది? తన గొంతు మారిపోయిందన్న సంగతి వాడికి తెలియదు.

“ఒరేయ్! లేచి నిలబడు. ఉన్నపళంగా లే!”

“ఎందుకూ...”

“చెప్పింది చెయ్యరా! లే!”

వెనక నవ్వులు ఆగిపోయాయి. స్పీకరులో బూటు జారిన చప్పుడు, ఏదో ఇనుము గోడకు తగిలిన చప్పుడు. ఆ తర్వాత ఒక పెద్ద ఊపిరి. ఇంకొకటి.

“లేచాను... ఏంటి వదినా అట్టా అరుస్తావు?”

వాడి గొంతు! వాడి సొంత గొంతు, సన్నగా, చిన్నప్పుడు పలక పోగొట్టుకుని వచ్చి నా వెనక దాక్కున్నప్పటి గొంతు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నిలబడితే గాలి ఉంది. నిలబడితే బతుకుతాడు.

“నిచ్చెన పట్టుకో. పట్టుకున్నావా? ఎక్కు.”

తెర మీద నిచ్చెన పై మెట్టు. దాన్ని పట్టుకుని నాలుగు వేళ్లు కనిపించాయి. గ్రీజు అంటిన వేళ్లు.

“కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి వదినా. తల తిరుగుతోంది.”

సరిగ్గా ఆ మాట దగ్గరే తలుపు తీసుకుని మా ఆయన లోపలికొచ్చాడు. వెనక హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు. ఆయన బొంగురు వినలేదు. అది విని ఉంటే ఈ కథ లేదు. ఆయన విన్నది తమ్ముడి మామూలు గొంతు, తల తిరుగుతోందన్న మాట. ఆ ఒక్క మాటకు ఆయన దగ్గర ఏళ్ల తరబడి ఒక్కటే జవాబు. తెలిసింది తలలో ఉంటుంది, అలవాటు నోట్లో ఉంటుంది. రెండు అంగల్లో నా కుర్చీ దగ్గరికొచ్చి, నా భుజం మీదుగా వంగి, నా వేలి మీదే తన వేలు పెట్టి బటను నొక్కాడు.

“తల తిరుగుతోందా? కూర్చోరా. కూర్చుని తల దించు, నేనొస్తున్నా.”

“వద్దు” అన్నానో, అనబోయానో. ఆయన చెయ్యి తోసేశాను. అప్పటికే మాట వెళ్లిపోయింది.

తెర మీద నాలుగు వేళ్లూ మెట్టును వదిలేశాయి.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాడికి అన్న మాటంటే వేదవాక్కు. ఏ చదువు చదవమంటే అది చదివాడు, ఎక్కడ చేరమంటే అక్కడ చేరాడు. వదిన ఎక్కమంది, అన్నయ్య కూర్చోమన్నాడు. తల సరిగా పనిచెయ్యని ఆ క్షణంలో వాడు ఎవరి మాట వింటాడు?

“సరే అన్నయ్యా.”

‘సరే’ అన్నది వాడి గొంతుతోనే వచ్చింది. ‘అన్నయ్యా’ అనేసరికి కిందికి, కిందికి జారిపోయి బొంగురైంది. నా వెనక ఎవరో అతిథి మళ్లీ నవ్వాడు.

ఈసారి మా ఆయనకూ ఆ బొంగురు వినబడింది. నా వైపు చూశాడు. ఒక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. తలుపు తోసుకుని పరుగెత్తాడు.

“లేవరా! లే! కూర్చోవద్దు! ఒరేయ్, వదిన చెబుతున్నా, లే!” గొంతు చించుకున్నాను. స్పీకరులో రెంచి నేల మీద పడిన చప్పుడు వినబడింది. తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో డైరెక్టరు “ఏమైందమ్మా? ఏమైంది?” అని నన్నడుగుతున్నాడు. ఏమైందట! నోటికొచ్చిన తిట్టు ఒకటి తిట్టాను. పెద్దలందరూ విన్నారు, విననీ.

సైరను మోగించాను. ఊపిరి సిలిండర్లు వీపున కట్టుకుని దిగే మనుషులు హాలుకి ఆ చివర గదిలో ఉంటారు. వాళ్లు రావాలి. ఈలోపు కెమెరాలోకి మా ఆయన వచ్చాడు. నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. తమ్ముణ్ని తేవడానికి దిగుతాడు, తేవాలంటే వంగుతాడు, వంగితే ఆయనా అంతే. హాలు మొత్తానికి వినబడే మైకు లాక్కున్నాను.

“దిగొద్దు! దిగితే నా మీద ఒట్టే! నా మీద ఒట్టు, దిగొద్దండీ!”

ఆగిపోయాడు. స్టోర్సు నుంచి పరుగెత్తుకొచ్చిన వెల్డరు ఆయన్ని చొక్కా పట్టుకుని నిచ్చెనకు అదిమేశాడు. రింగు ఇంకా వాడి మణికట్టుకే ఉంది. సిలిండర్ల మనుషులు వచ్చేదాకా మా ఆయన అక్కడ నిలబడి గుంటలోకి చూస్తూనే ఉన్నాడు. ఏం చూశాడో తర్వాత ఒకే ఒక్కసారి చెప్పాడు. గోడకు వీపు ఆనించి, కాళ్లు ముడుచుకుని, తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడట. చెయ్యి కూడా సరిగ్గా నేర్పినట్టే మెడ మీద పెట్టుకున్నాడట. “ఒక్క తప్పు చెయ్యలేదే” అన్నాడు.

పైకి తెచ్చారు. డాక్టర్లు చేయాల్సినదంతా చేశారు. లాభం లేకపోయింది.

తర్వాత విచారణకొచ్చినవాళ్లు గుంటను మూయించి కాపలా పెట్టించారు. వాళ్లలో ఒకావిడ సబ్బునీళ్ల సీసా ఒకటి తెచ్చి, గుంట అంచున మోకరించి, బుడగలు ఊదింది. బుడగలు నెమ్మదిగా దిగి, సగం దారిలో ఆగిపోయాయి. కింద ఏమీ లేదు, అయినా దేని మీదో కూర్చున్నట్టు ఆగి, అక్కడే వణుకుతూ తేలాయి. ఆ బరువు గాలి మనిషికి ఎంత ఎత్తు దాకా వస్తుందో చూడ్డానికి ఒకరు దిగాల్సి వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఎత్తు. మా ఆయన తనంతట తానే ముందుకొచ్చి, ఊపిరి ముసుగు తగిలించుకుని, నిచ్చెన దిగి నిలబడ్డాడు. బుడగలు ఆయన ఛాతీ దగ్గర ఊగాయి. నోరు, ముక్కు చాలా పైన ఉన్నాయి. అందరూ చూశారు.

ఇప్పుడు గుంటలో సెన్సర్లున్నాయి, అడుగునే ఫ్యాన్లున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మాకెవరూ నేర్పక్కర్లేదు. గోడ మీది మాటకు తెల్లరంగు రెండు పూతలు వేశారు. వాన పట్టిన రోజుల్లో ఆ పూత కింద నుంచి ఎరుపు ఇంకా కనబడుతూనే ఉంటుంది. కొలిమి మూతపడలేదు. కిరణం నడిపేది ఇప్పటికీ నేనే.

ఇంట్లో మాత్రం ఒకటి మారింది. మా ఆయనకు ఒక అలవాటుండేది. గుమ్మంలో ఎవరి నీడ పడినా, పాలవాడైనా, పక్కింటివాళ్లయినా, “రండి, కూర్చోండి” అన్నాకే ఇంకో మాట. అది మానేశాడు. వచ్చినవాళ్లు నిలబడే ఉంటారు, ఆయనా నిలబడే ఉంటాడు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి కుర్చీ లాగాలి.

“నన్నెందుకు ఆపావు?” అని ఒకసారి అడిగాడు.

“ఆపకపోతే ఇద్దరూ పోయేవారు.”

“అదే” అన్నాడు.

నాకు కోపం తన్నుకొచ్చింది. “మరి నేనేమైపోవాలి?” అని అరిచాను. నేను తలుపు వేసుకుని ఏడ్చాను.

తోటికోడలు మా పై అంతస్తులోనే ఉంటుంది. చాన్నాళ్లు కిందికి రాలేదు, భోజనం నేనే పైకి తీసుకెళ్లేదాన్ని. విచారణ కాగితాల్లో ‘సిబ్బంది సూచన మేరకు కూర్చున్నాడు’ అని రాశారు. ఆ సిబ్బంది ఎవరో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఏమవుతుందోనని రోజూ హడలి చచ్చేదాన్ని. నాకు మిగిలింది ఈ ఇద్దరే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె దిగొచ్చింది. మా ఆయన ముందుగదిలో ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూసి నోరు తెరిచాడు. ఆ ‘కూర్చోమ్మా’ అన్నది పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. కుర్చీ లాగాను. ఆమె కూర్చోలేదు.

“బావగారూ, ఒక్క సంగతి అడుగుతాను. ఆయన ఆఖరికి ఏమన్నారు? అక్కని అడిగితే మాట దాటేస్తోంది.”

“అమ్మాయ్, ఇప్పుడవన్నీ...” అని నేను అడ్డం పడబోయాను. మా ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

“నేను కూర్చోమన్నానమ్మా” అన్నాడు. “మీ అక్క ఎక్కమంది. మెట్టు పట్టుకున్నాడు. నేనొచ్చి కూర్చోమన్నాను. ‘సరే అన్నయ్యా’ అన్నాడు. అదే ఆఖరి మాట.”

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, మీద పడి కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె మా ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

“మీ మాట ఎన్నడు కాదన్నారని బావగారూ” అంది.

అంతే. మెట్లెక్కి వెళ్లిపోయింది. పైన తలుపు గడియ పడిన చప్పుడు వినబడింది.

మా ఆయన ఉన్నచోటే నిలబడిపోయాడు. నేను లాగిన కుర్చీ ఆయన పక్కనే ఉంది. లైట్లు వేసే వేళయినా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చోండి అనడానికి నాకు నోరు రాలేదు.